కింది పోర్షన్ బాగుచేయించాలంటే అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించాల్సిందేనా?

విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులోని విషయం క్లుప్తంగా ఇదీ.

ఆవిడకు అరవై రెండేళ్లు. భర్త పోయి మూడేళ్లయింది. 1998లో కట్టుకున్న ఇంట్లో పైన తను ఉంటూ, కింద రెండు బెడ్‌రూముల పోర్షన్ అద్దెకిచ్చారు. ఏడేళ్లుగా ఒకటే కుటుంబం. ఆయన ఆటోనగర్‌లో లేత్ మెషీన్ మీద పనిచేస్తాడు, ఆమె ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, ఇద్దరు పిల్లలు. అద్దె 8,500. ఒప్పంద పత్రమంటూ ఏమీ రాసుకోలేదు. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు నీళ్లు వచ్చి కింద స్విచ్‌బోర్డుల దాకా నిలబడ్డాయి. ఎనిమిది రోజులు ఆ నలుగురూ పైన ఈవిడతోనే ఉన్నారు. నీళ్లు తీశాక బురద ఎత్తిపోసింది కూడా ఈవిడా ఆ అమ్మాయీ కలిసే. రెండు నెలలు అద్దె తీసుకోలేదు. దీపావళికి లప్పం పెట్టించి ఎమల్షన్ వేయించారు. తర్వాతి వేసవికల్లా రంగు అప్పడంలా ఉబ్బింది. ఇప్పుడు నడుం ఎత్తు దాకా పెచ్చులు రాలుతున్నాయి. చిన్నపిల్లవాడికి చలికాలమంతా దగ్గు.

బెంగళూరులో ఉన్న కొడుకు ఒక కాంట్రాక్టరుతో ఎస్టిమేట్ వేయించాడు. ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్, వార్డ్‌రోబులు, కొత్త రంగులు అన్నీ కలిపి 6 లక్షలు. "వాళ్లను ఖాళీ చేయించమ్మా, 14,000కి ఇద్దాం, ఖర్చు టాక్స్‌లో కూడా చూపించుకోవచ్చు" అంటున్నాడు. అద్దెకున్నవాళ్లేమో మేం ఒక్కో గదిలో సర్దుకుంటాం, మేముండగానే చేయించండి అంటున్నారు. ఈలోగా వాళ్లు చెప్పకుండా పిల్లల గదికి ముదురు నీలం రంగు వేసుకున్నారు. ఈవిడకు కోపం వచ్చింది, ఆ కోపం వచ్చినందుకు బాధా కలిగింది. "ఆ అమ్మాయి నన్ను పిన్నిగారూ అంటుంది. అద్దె పెంచుతానని చెప్పడానికే నోరు రావట్లేదు, ఇక ఖాళీ చేయమని ఎలా చెప్పను? కానీ ఇల్లు పాడైపోతుంటే చూస్తూ ఊరుకోలేను" అని రాశారు. చివర్లో ఇంకొక చిన్న ప్రశ్న. వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వీధి గుమ్మం చెక్క మీద పెద్దపిల్ల పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేసింది. రంగులు వేసేటప్పుడు దాన్ని చెరిపించాలా, ఉంచాలా?

అమ్మా,

గోడ మీద చెయ్యి ఆనిస్తే అరచేతికి తెల్లటి పొడి అంటుకుంటోందని మధ్యలో ఎక్కడో ఒక వాక్యం రాశారు. నేను మళ్లీ వెనక్కి వెళ్లి చదివిన వాక్యం అది. మీ అబ్బాయి చెప్పిన ఇంటీరియరూ, అద్దే, నీలం రంగూ తర్వాత చూద్దాం. ముందు ఆ పొడి సంగతి తేలాలి.

అది ఉప్పు. నీళ్లు అన్ని రోజులు నిలబడితే ఇటుక పీల్చగలిగినంతా పీల్చుకుంటుంది. తర్వాత గోడ పైపైన ఆరినట్టే కనిపిస్తుంది కానీ లోపలి తడి నెలల తరబడి ఉంటుంది. అది మెల్లగా బయటికి వస్తూ ఇటుకలో, సిమెంటులో ఉన్న లవణాలను వెంట తెస్తుంది. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు పైపొరలో ఉండిపోయి గట్టిపడుతుంది. గట్టిపడుతూ ఉబ్బి పైనున్న లప్పాన్నీ రంగునీ బయటికి తోసేస్తుంది. మీరు నీళ్లు పోయిన ఏడు వారాలకే లప్పం పెట్టించారు. ఆ పెయింటరు మోసం చేశాడనుకోకండి. పండక్కి ఇల్లు మళ్లీ ఇల్లులా కనబడాలని మీరూ తొందరపడ్డారు, అతనూ కాదనలేదు. తడి బయటికి వచ్చే దారి మూసుకుపోయింది, అంతే.

అందుకే 6 లక్షల పనైనా, 60 వేల పనైనా, ఇప్పుడున్న గోడ మీద వేస్తే మళ్లీ ఇదే జరుగుతుంది. కాంట్రాక్టరు ఎస్టిమేట్‌లో పాత ప్లాస్టరింగ్ కొట్టి కొత్తది చేయడానికి ఎంత రాశాడో చూడండి. ఆ మాటే లేకపోతే ఆ కాగితం పక్కన పెట్టేయండి.

ఒక పరీక్ష మీరే చేయొచ్చు. అడుగు చదరం ప్లాస్టిక్ కవరు ఒకటి తీసుకుని, నాలుగు వైపులా గాలి చొరబడకుండా టేపుతో గోడకు అంటించండి. హాల్లో ఒకటి, పిల్లల గదిలో ఒకటి, వంటగదిలో ఒకటి. రెండు రోజులయ్యాక తీయండి. గోడ వైపు చెమ్మ పట్టి ఉంటే గోడ ఇంకా తడిగానే ఉన్నట్టు. వరద వచ్చి ఏడాదిన్నరైనా తడి ఉందంటే పాత నీళ్లే కాదు, కొత్త నీళ్లు కూడా ఎక్కడి నుంచో అందుతుండొచ్చు. బాత్రూమ్ నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ) దగ్గరో, గోడలో పోయే పైపు జాయింటులోనో, బయట సందులో ఇంటి పునాదికి ఆనుకుని నిలబడే వాడకం నీళ్లో. అది కనిపెట్టకుండా తాపీ పని మొదలుపెట్టొద్దు.

పని తీరు ఇలా ఉండాలి. తడి మచ్చ ఎక్కడిదాకా ఉందో అక్కడి నుంచి ఇంకో అడుగున్నర పైదాకా ప్లాస్టరింగ్ కొట్టేయాలి. ఇటుక మీది ఉప్పును గట్టి బ్రష్షుతో పొడిగానే రుద్ది దులపాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. ఫ్యాన్లు పెట్టి, కిటికీలు తీసి, ఇటుకను వీలైనన్ని రోజులు అలాగే ఆరనివ్వాలి. ఆ తర్వాత వాటర్‌ప్రూఫ్ కలిపిన సిమెంటుతో ప్లాస్టరింగ్, వారం రోజులు నీళ్లు కొట్టడం, మళ్లీ ఆరబెట్టడం. ప్లాస్టరింగ్ అయిన 28 రోజుల దాకా ప్రైమర్ డబ్బా మూత కూడా తీయొద్దు. మీ ఇంట్లో అయితే నడుం ఎత్తు దాకా లప్పమే వద్దంటాను. లప్పం నునుపుకే గానీ నీటిని ఆపదు. కింది భాగానికి సున్నం వేయించండి. సున్నం గోడను ఊపిరి తీసుకోనిస్తుంది, చెమ్మ వచ్చినా పెచ్చులుగా లేవదు, రెండేళ్లకోసారి వేయించినా పెద్ద ఖర్చు కాదు. మన పెద్దవాళ్లు ఏటా పండక్కి వెల్ల వేయించింది ఒక్క అందం కోసమే కాదు.

ఇప్పుడు డబ్బు. మీ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అమ్మకు నెలకు నాలుగు డబ్బులు ఎక్కువ రావాలనే కదా అతని ఆలోచన. కానీ లెక్క పూర్తిగా వేయలేదు. గోడలూ, వైరింగూ, రంగూ మాత్రమే అయితే 1,70,000 అవుతుందని మీ వీధి మేస్త్రీ చెప్పాడన్నారు. అది ఎవరున్నా, ఎవరు లేకపోయినా పెట్టక తప్పని ఖర్చు. అద్దెలోంచి రాబట్టుకునే పెట్టుబడిగా దాన్ని చూడకండి, ఇల్లు నిలబెట్టుకోవడానికి పెడుతున్నారు. ఇంటీరియర్ కోసం అదనంగా పెట్టేది 4,30,000. గోడల పని ఒక్కటే అయినా ఎలాగూ 10,000 అడగొచ్చు కాబట్టి, మీ అబ్బాయి చెప్పిన 14,000లో ఇంటీరియర్ వల్ల పెరిగేది నెలకు 4,000, ఏడాదికి 48,000. ఆ డబ్బు మీ వారి రిటైర్మెంట్ డిపాజిట్‌లోంచి తీస్తున్నారు. ఏడు శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 30,100 పోతుంది. మిగిలేది 18,000 కూడా లేదు. ఒక్క నెల ఇల్లు ఖాళీగా ఉంటే అందులో 14,000 పోయినట్టే. టాక్స్ మాటకొస్తే, అద్దె ఆదాయంలోంచి మునిసిపల్ పన్ను తీసేశాక 30 శాతం ఎలాగూ మినహాయిస్తారు. మీరు రూపాయి ఖర్చు పెట్టకపోయినా అంతే, ఆరు లక్షలు పెట్టినా అంతే. రంగుల బిల్లులు విడిగా చూపించుకోవడానికి వీల్లేదు. అప్పు తీసుకుని చేయిస్తే ఆ వడ్డీకి మాత్రం మినహాయింపు ఉంటుంది.

అయినా మీరు ఆ దారే ఎంచుకుంటే అది తప్పేం కాదు. ఇల్లు మీది. ఒప్పందం రాసుకోని నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు ఇవ్వాలని ఆస్తి బదలాయింపు చట్టం చెబుతోంది. ఏడేళ్లున్నవాళ్లకు 15 రోజులు అన్యాయం, రెండు మూడు నెలలు ఇవ్వండి, డిపాజిట్ వెళ్లే రోజే చేతిలో పెట్టండి. కాకపోతే ఒక సంగతి. ఏప్రిల్‌లో ఖాళీ చేయిస్తే పని జూన్ దాకా సాగుతుంది. ఈ ఏడాది (2026) మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. జూలై మధ్య నుంచి ఆషాఢం. కొత్త ఇంట్లో పాలు పొంగించేవాళ్లు ఈ రెంటిలోనూ రారు. మధ్యలో దొరికేది ఒక్క నెల. ఆ నెలలోపు ఎవరూ కుదరకపోతే శ్రావణం దాకా టు-లెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది. అంతకన్నా నన్ను ఆలోచింపజేసేది ఇంకొకటి ఉంది. 14,000 ఇవ్వగలిగినవాళ్లు సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ అనగానే అడిగే మొదటి ప్రశ్న నీళ్లొచ్చాయా అనే. ఫాల్స్ సీలింగ్ లైట్లు దానికి జవాబు చెప్పవు.

ఇక రెండో దారి, వాళ్లు అడుగుతున్నది. ఒక్కో గదిలో సర్దుకుంటూ ఉండగానే పని చేయించడం. వాళ్లు మంచితనంతో అంటున్నారు కానీ నాకు ఇది నచ్చలేదు. ప్లాస్టరింగ్ కొట్టేటప్పుడు లేచే దుమ్ము గదికి తలుపు వేసినంత మాత్రాన ఆగదు. దగ్గుతున్న పిల్లవాడు ఉన్న ఇల్లు అది. గోడ చెమ్మ, బూజు ఆ దగ్గును పెంచుతుండొచ్చు. వాణ్ని ఒకసారి డాక్టరుకు చూపించమని, ఇంట్లో చెమ్మ ఉన్న సంగతి కూడా డాక్టరుకు చెప్పమని వాళ్లతో అనండి. పైగా మనుషులున్న ఇంట్లో మేస్త్రీ తొందరపడతాడు, ఆరనివ్వాల్సిన గోడను ఆరనివ్వడు. ఖర్చు తక్కువ, అద్దె ఆగదు, మనసులు నొచ్చుకోవు. కానీ గోడ మళ్లీ పాడయ్యే అవకాశం ఈ దారిలోనే ఎక్కువ.

మూడోది మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించినట్టు లేరు. ఆ అమ్మాయి పుట్టిల్లు నూజివీడు అని రాశారు. ఏప్రిల్ చివర బడులు మూస్తారు, జూన్ రెండో వారంలో తెరుస్తారు. పిల్లలు ఎలాగూ అమ్మమ్మ ఇంటికి వెళతారు. ఆ యాభై రోజులు తాపీ పనికి దేవుడిచ్చినట్టే సరిపోతాయి, పైగా గోడలు ఆరడానికి బెజవాడ ఎండను మించింది లేదు. అతను పగలంతా ఆటోనగర్‌లోనే ఉంటాడు, రాత్రి పడుకోవడానికి చోటు చాలు. సామాను మీ మేడమీద వరండాలో పట్టా కప్పి పెట్టుకోవచ్చు. సమస్య ఆ అమ్మాయి కుట్టుపని. ఏప్రిల్, మే నెలల్లో పెళ్లిళ్ల బ్లౌజుల గిరాకీ ఉంటుంది, ఆ రెండు నెలల సంపాదన పోతే వాళ్లకు దెబ్బే. అధిక మాసంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి మే 17 తర్వాత ఆమెకూ ఊపిరి సలుపుతుంది. అప్పటిదాకా మెషీన్ పైన మీ వరండాలో వేసుకోమంటే సరిపోతుంది. ఎనిమిది రోజులు అందరూ ఒకే వంటింట్లో గడిపినవాళ్లు మీరు. కానీ అప్పుడు పరిస్థితి వేరు. మీకు రోజూ నలుగురు వచ్చిపోతుంటే ఇబ్బందిగా ఉంటుందనుకుంటే మొహమాటపడకుండా ముందే చెప్పండి. పని సగంలో ఉండగా విసుక్కుంటే ఏడేళ్ల స్నేహం ఆ యాభై రోజుల్లో పోతుంది.

ఈ దారిలో ఆ రెండు నెలల అద్దె మీకు రాదు, 17,000. మేస్త్రీ ఆలస్యం చేస్తే బడులు తెరిచే సమయానికి ఇల్లు సిద్ధంగా ఉండదు, అప్పుడు పిల్లలతో సహా పైకే వస్తారు. దానికి కూడా సిద్ధపడాలి.

అద్దె పెంచుతానని చెప్పడానికి నోరు రావట్లేదన్నారు. పని మొదలుపెట్టే ముందే చెప్పండి, అయ్యాక కాదు. "ఇల్లు ఇలా చేయిస్తున్నాను, ఇంత అవుతోంది, మీరు తిరిగి వచ్చాక 10,000 అనుకుంటున్నాను, మీ వల్ల అవుతుందా?" అని అడిగితే అందులో తప్పు పట్టేదేమీ లేదు. 9,500 అంటారేమో. అది మీరూ వాళ్లూ తేల్చుకోవాల్సింది. ఈసారి మాత్రం పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకోండి. నమ్మకం లేక కాదు, రేపు మీ అబ్బాయి వచ్చి అడిగినా, వాళ్ల బంధువు ఎవరైనా అడిగినా మధ్యలో మీ ఇద్దరూ ఇరుక్కోకుండా. ఏ రిపేరు ఎవరిదో కూడా అందులోనే రాయండి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం గోడల సున్నం, తలుపుల రంగు, పైపులు, వైరింగ్ యజమాని వంతు అంటుంది. కుళాయి వాషర్లు, స్విచ్చులు, పగిలిన కిటికీ అద్దాలు లాంటివి అద్దెకున్నవాళ్ల వంతు. ఆ పంపకం న్యాయంగానే ఉంది.

నీలం గోడ. మిమ్మల్ని అడగకుండా వేసుకోవడం పొరపాటే, ఆ మాట వాళ్లకు చెప్పాలి కూడా. కానీ ఒక్కసారి వాళ్ల వైపు నుంచి చూడండి. వరదలో పుస్తకాలు, బట్టలు, మంచాలు పోయిన పిల్లలకు తల్లిదండ్రులు చేయగలిగిన వాటిల్లో అతి తక్కువ ఖర్చుది డబ్బా రంగు. నేను గుంటూరు బ్రాడీపేటలో పదకొండేళ్లు అద్దెకున్నాను. ఆ ఇంటావిడ ప్రతి గదిలో తలుపు ఎత్తున గోడ పొడవునా చెక్క పట్టీ ఒకటి బిగించి, "మేకులన్నీ దీనికే కొట్టుకోండి, గోడకు మాత్రం వద్దు" అంది. ఫోటోలు, క్యాలెండరు, దేవుడి పటం, అన్నీ దాని మీదే. పదకొండేళ్లలో ఆ గోడలకు మేము ఒక్క చిల్లు పెట్టలేదు. మీరూ అలాంటిదే ఒకటి చేయండి. ఇల్లంతా మీరు ఎంచుకున్న లేత రంగు, పిల్లల గదిలో ఒక్క గోడ మాత్రం వాళ్ల ఇష్టం, ఖాళీ చేసేటప్పుడు దాని మీద తెల్లరంగు వాళ్ల ఖర్చుతో. ముదురు నీలం కప్పాలంటే ఒక కోటు ప్రైమర్, రెండు కోట్లు రంగు పడుతుందని ముందే చెప్పండి.

వస్తువుల గురించి ఒక్క మాట. బుడమేరు 2005లోనూ వచ్చింది, 2024లోనూ వచ్చింది. గట్లు బలపరుస్తున్నారు, మంచిదే, కానీ మీరు ఇంట్లో పెట్టే ప్రతి వస్తువునూ మళ్లీ నీళ్లొస్తే ఏమవుతుందని అడిగి పెట్టండి. మాడ్యులర్ కిచెన్‌లో చౌకగా వాడే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలు) ఒక్కసారి నానితే రొట్టెలా ఉబ్బుతాయి, ఇక బాగుపడవు. ఉన్న గట్టు మీద గ్రానైట్, కింద కడప బండల అరలు, వాటికి అల్యూమినియం ఫ్రేము తలుపులు పెట్టించండి. చూడ్డానికీ శుభ్రంగా ఉంటుంది, కడిగితే బురద పోతుంది. ప్లైవుడ్ తప్పదనుకుంటే ఐఎస్ 710 ముద్ర ఉన్నది, అంటే నీళ్లను తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ అడగండి. స్విచ్‌బోర్డులు ఇప్పుడున్న చోటు నుంచి తీసి, నేలకు ఐదడుగుల ఎత్తుకు మార్చాలి. గోడలో ఉన్న వైరు పైపుల్లో బురద పేరుకుని ఉంటుంది, వైర్లు మొత్తం లాగి కొత్తవి వేయించి, మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ పెట్టించండి. షాక్ కొడితే ప్రాణం మీదికి రాకముందే కరెంటు ఆపేసేది అదే. డ్రైనేజీ లైనుకు బయటి నీళ్లు వెనక్కి రాకుండా నాన్-రిటర్న్ వాల్వ్ కూడా. వీటిల్లో ఏదీ ఫోటోలో కనిపించదు. మీ అబ్బాయికి అర్థమయ్యేలా చెప్పడానికి ఈ పేరా అతనికి పంపినా పరవాలేదు.

మూడు దారుల్లో నేనైతే మూడోది ఎంచుకుంటాను. కానీ ఆ ఇంట్లో రోజూ మెట్లెక్కి దిగేది మీరు. మీ ఆరోగ్యం, మీ ఓపిక, మీ అబ్బాయితో మీ సంబంధం, అన్నీ నాకు తెలియవు. అతను ఎంత చెప్పినా వినకపోతే ఇంటీరియర్ మాట వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. గోడలు బాగుపడ్డాక ఒక వానాకాలం గడవనివ్వండి. అప్పటికీ చేయించాలనిపిస్తే ఎటూ పోలేదు కదా.

గుమ్మం మీది పెన్సిల్ గీత సంగతి. ఆ కుటుంబమే తిరిగి వస్తే దాన్ని ఉంచాలా చెరపాలా అన్నది ఆ పిల్లను అడగండి. గీసింది తనే. ఉంచమంటే పాలిష్ పనివాడికి చెప్పి ఆ జానెడు మేర కాగితం అంటించి వదిలేయించండి. వద్దంటే తనే సాండ్‌పేపర్‌తో రుద్దుకుంటుంది. ఒకవేళ కొత్తవాళ్లు వచ్చేట్టయితే గీత ఉన్నా లేకపోయినా, అడ్వాన్సు తీసుకునే ముందే వాళ్లను గుమ్మం దగ్గర నిలబెట్టి, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చేత్తో చూపించండి.